ఆరు కిలోమీటర్ల దాకా వచ్చిన కబురు మన గట్టు దాకా రాదా?



పోస్టు పొడవుంది. పని లేని పూట తీరిగ్గా చదవండి. కోపంలో రాస్తున్నా, ఎక్కడన్నా మాట గట్టిగా పడితే సర్దుకోండి.

మొన్న రచ్చకట్ట మీద ఒక మాట విన్నా. "వాన గురించి చెప్పడానికి కూడా ఒక ఉద్యోగమా అప్పా? ఫోన్లో చూసుకుంటే సరిపోయె. దానికి జీతాలెందుకు దండగ?" అన్నది బయటోడు కాదు, మనోడే. పదెకరాల్లో శెనక్కాయ వేసే రైతు. నవ్వినోళ్ళు కూడా రైతులే. ఆ పూట నేనేం మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ ఉద్యోగం విలువేందో నాకు నా విత్తనం పోయినాక తెలిసింది. మీకు పోకముందే చెబుదామని.

2018 నుంచి దేశంలో కొన్ని జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాల్లో వాతావరణ శాఖ డబ్బుతో చిన్న చిన్న యూనిట్లు పెట్టారు. జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్ అంటారు. మొత్తం 199. ఒక్కోదానికి ఇద్దరే మనుషులు. ఒకరు వ్యవసాయ వాతావరణం చదువుకున్న నిపుణులు, ఇంకొకరు లెక్కలు తీసే పరిశీలకులు. ఇద్దరూ కాంట్రాక్టే. వాళ్ళ పని పైనుంచి వచ్చే అంచనా తీసుకోవడం, మండలాల్లో పంట ఏ దశలో ఉందో కనుక్కోవడం, రెండూ కలిపి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రాబోయే ఐదు రోజులకు మనకు ఏం చేయాలో చెప్పడం. 2024 మొదట్లో ఆ 199 యూనిట్లనూ మూసేశారు. పెద్ద గొడవేం జరగలేదు. పేపర్లో లోపలి పేజీలో వచ్చింది, మనం చదవలేదు. మనకోసం పెట్టింది తీసేస్తే మనకే తెలియలేదు, చూడండి మన తీరు!

మాకు దగ్గర్లోని కేంద్రంలో ఒక అమ్మాయి పనిచేసేది. పేరు రాయను, ఆమెకు ఇబ్బంది. రైతుబిడ్డే. మొదట్లో మేం ఆమెను "వానల మేడం" అని ఎగతాళి చేసేవాళ్ళం. ఆమె ఒకసారి మన ఊరికొచ్చి, గుడి దగ్గర కూర్చోబెట్టి, బులెటిన్ చదవడం నేర్పింది. నేర్చుకున్నది ఇక్కడ రాస్తా. నాకు ఉపయోగపడింది, మీకూ పడుతుంది.

వాతావరణ శాఖ వాళ్ళు "తేలికపాటి వర్షం" అంటే మనం చినుకులు అనుకుంటాం. వాళ్ళ లెక్కలో 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటే. 15.6 నుంచి 64.4 దాకా "మోస్తరు". 64.5 దాటితే "భారీ", 115.6 దాటితే "అతి భారీ". ఇప్పుడు ఆలోచించండి. "తేలికపాటి నుంచి మోస్తరు వర్షం" అని మెసేజ్ వచ్చిందనుకోండి. అంటే 3 మిల్లీమీటర్లూ కావచ్చు, 60 కూడా కావచ్చు. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్లు. 3 మిల్లీమీటర్లంటే 12 వేల లీటర్లు, మన ఎర్రనేలలో మధ్యాన్నానికి ఆరిపోతుంది. 40 అంటే లక్షా 60 వేల లీటర్లు, అది ఇత్తే పదును. రెండూ ఒకే మాట కిందికి వచ్చేశాయి. గొర్రు కట్టాలా వద్దా అన్నది ఆ రెండిటి మధ్యన ఉంది!

ఇంకోటి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన లెక్క తీసే కేంద్రాల్లో నూటికి 25 దాకా మాత్రమే వాన చూస్తాయని. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75. మనమేమో "వాన వస్తుందన్నారు, రాలేదు, వీళ్ళ మాట అబద్ధం" అంటాం. వాళ్ళు నలుగురిలో ఒకరికి అని చెప్పారు. మిగిలిన ముగ్గురం తిట్టుకుంటున్నాం. తప్పు వాళ్ళదా మనదా అంటే నేను ఇద్దరిదీ అంటా. ఆ మాటను రైతు మాటగా మార్చకుండా పంపడం వాళ్ళ తప్పు. మార్చి చెప్పే మనిషి ఉన్నప్పుడు ఎగతాళి చేయడం మన తప్పు.

నా తప్పు చెప్తా. ఆ యూనిట్ వచ్చిన రెండో ఏడాది. మృగశిరలో ఒక సాయంత్రం ఉరుములతో గట్టి వాన పడింది. ఊరంతా గొర్లు బయటికి తీసింది. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో ఆమె గొంతు. "అన్నా, ఇది ఉరుముల వాన. రుతుపవనం ఇంకా బలంగా లేదు. వచ్చే ఐదు రోజులు పొడిగానే కనబడుతోంది, గాలి కూడా ఎక్కువుంది. ఆరుద్ర దాకా ఆగండి, నేల దుక్కి మాత్రం చేసి పెట్టుకోండి." విన్నా. నవ్వా. మా నాయన మృగశిరలో విత్తినోడే, మా తాత మృగశిరలో విత్తినోడే. తెల్లారి ఐదెకరాలు వేసేశా. ఎకరాకు 60 కిలోల పైనే విత్తనం, విత్తనానికే ఆరేడు వేలు, కూలీలు, ట్రాక్టరు వేరే. పన్నెండు రోజులు చినుకు లేదు. సగం మొలవలేదు, మొలిచింది గాలికి వాడింది. మళ్ళీ విత్తనం అప్పు తెచ్చి వేశా. మా ఇంట్లో ఆమె ఆ ఏడాది చెవి కమ్మలు బ్యాంకులో పెట్టింది. ఆగిన మా పక్క చేనాయనకు ఒక్కసారితో సరిపోయింది. ఆయన నన్నొక మాటా అనలేదు, అది ఇంకా బాధ.

కార్తెలు అబద్ధమని నేను అనడంలేదు. మన పెద్దోళ్ళు వందల ఏళ్ళు చూసి చెప్పిన లెక్క అది. కానీ ఆ లెక్క వేసిననాటి వాన తీరు ఇప్పుడు లేదు. 2023 ఆగస్టు చూశారు కదా. దేశంలో 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖే చెప్పింది. 2025లో చూడండి. రుతుపవనం మే 24కే కేరళ తాకింది. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. రెండు రోజుల్లో మన రాయలసీమలోకి వచ్చేసింది. "ఈసారి కాలం మనదే" అని పండగ చేసుకున్నాం. మే చివర్లో ఆగిపోయింది చూడు, జూన్ మధ్య దాకా కదల్లేదు. మహారాష్ట్రలో అయితే వ్యవసాయ శాఖ వాళ్ళు ముందే గట్టిగా చెప్పారు, తొందరపడి విత్తొద్దని. ఇక్కడ మన గ్రూపులో ఎవరు చెప్పారు? చెప్పే గొంతు అప్పటికి ఏడాది కిందటే పోయింది. యూట్యూబులో మాత్రం ఒకాయన ప్రతి మూడు రోజులకూ తుఫాను తెచ్చాడు.

ఇప్పుడు అసలు కోపం.

2025 మే 26న ఢిల్లీలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం అని విడుదల చేశారు. పుణె శాస్త్రవేత్తలు తయారుచేసింది. గొప్ప పనే, నేను కాదనను. అంతకు ముందు 12 కిలోమీటర్ల గడికి ఒక అంచనా ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు 6 కిలోమీటర్ల గడికి ఇస్తారట. 2024 అక్టోబరులో పంచాయతీ స్థాయి అంచనాలు కూడా మొదలుపెట్టారు. 2025 ఖరీఫ్‌లో 13 రాష్ట్రాల్లో 3 కోట్ల 80 లక్షల మంది రైతులకు కొత్త కంప్యూటర్ పద్ధతితో రుతుపవనం రాక గురించి మెసేజ్‌లు పంపామని కేంద్ర వ్యవసాయ శాఖ చెప్పింది. మా గ్రూపులో ఒక్క ఫోనుకూ రాలేదు, అది వేరే సంగతి. నేను అడిగేది ఒకటే. ఆరు కిలోమీటర్ల దాకా కబురు తెచ్చారు. ఆ ఆరు కిలోమీటర్ల నుంచి నా గట్టు దాకా ఎవరు తేవాలి? ఆ చివరి ముక్క మోసే మనిషినే తీసేశారు. చెరువు తవ్వి, తూము కట్టి, పిల్లకాలువ పూడ్చినట్టుంది.

యంత్రాలు లెక్కలు వాటంతటవే తీస్తున్నాయి, మనుషులెందుకన్న వాదన పైన జరిగిందని పత్రికలు రాశాయి. అయ్యా, యంత్రం వాన కొలుస్తుంది, సరే. శెనక్కాయ మొలిచినాక మొదటి ఇరవై ఇరవైఐదు రోజులు కొంచెం బెట్ట తగిలితే మంచిదే, పూత గుంపుగా వస్తుంది, బోరున్నోళ్ళు కంగారుపడి నీళ్ళు పెట్టొద్దు అని యంత్రం చెబుతుందా? అదే బెట్ట ఊడలు దిగేటప్పుడు తగిలితే మాత్రం ఒక్క తడైనా ఇవ్వండి అని చెబుతుందా? ఎల్లుండి వాన ఉంది, ఈ రోజు పీకొద్దు, పీకింది ఉంటే వామి వేసి పట్ట కప్పండి అని చెబుతుందా? అవన్నీ ఆ అమ్మాయి చెప్పింది. 2023 ఆగస్టులో శెనక్కాయ వేయని చేన్లు ఖాళీగా ఉంచొద్దు, వాన పడగానే ఉలవ చల్లండి, పశువులకన్నా మేతవుతుంది అంది. హైదరాబాదు క్రీడా సంస్థ వాళ్ళు జిల్లాలవారీగా ఇట్లాంటి ప్రత్యామ్నాయ ప్రణాళికలు రాసిపెట్టారు. రుతుపవనం రెండు వారాలు ఆలస్యమైతే ఇది, నాలుగు వారాలైతే ఇది అని. మంచి కాగితాలు. మనలో ఎంతమంది చూశాం? కాగితం ఎక్కడుందో తెలిసి, ఆ వారం వానతో కలిపి, "ఇప్పుడు ఉలవ" అని రెండు మాటల్లో చెప్పినాక కదా అది మన చేన్లోకొచ్చింది.

దండగ అన్నారు కదా, దండగ లెక్కే చూద్దాం. 2020లో ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. వాన అంచనాల కోసం, పెద్ద కంప్యూటర్ల కోసం సర్కారు పెట్టిన దాదాపు వెయ్యి కోట్లకు ఏం వచ్చిందని లెక్క కట్టారు. పెట్టిన రూపాయికి యాభై రూపాయల లాభమన్నారు. వానాధార ప్రాంతాల్లో పేద రైతు కుటుంబానికి ఏడాదికి 12,500 రూపాయల దాకా మేలని రాశారు. కబురు అంది, దాన్ని నమ్మి, పని మార్చుకున్న రైతుకే కదా ఆ లాభం? కంప్యూటరు కొన్నందుకు ఎవరి చేన్లోనూ కాయ కాయదు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి బీమా సంగతి కూడా చెప్పాలి. వాతావరణ ఆధారిత బీమాలో మన పొలానికి వచ్చి ఎవరూ చూడరు. మనకు కేటాయించిన వాతావరణ స్టేషన్లో ఎంత పడిందో అదే ఆధారం. ఒక ఏడాది మా చేన్లో నలభై రోజులు బెట్ట. పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ స్టేషన్ మీద రెండు ఉరుముల వానలు పడ్డాయి. కాగితం మీద మా పంట తడిసింది, చేన్లో ఎండింది. నా దగ్గర లెక్క ఉంది. ఆ అమ్మాయి ఇచ్చిన వానకొలత గొట్టం నా చేన్లోనే పెట్టా, రోజూ ఉదయం 8:30కి చూసి నోటుబుక్కులో రాసి గ్రూపులో పెట్టేవాడిని. ఆ పుస్తకం తీసుకుని పోతే, "ఇది మేం తీసుకునే లెక్క కాదు" అన్నారు. వాళ్ళ నిబంధనల ప్రకారం వాళ్ళు చెప్పింది కరెక్టే. కానీ ఊరి లెక్కను సరిచూసి, సంతకం పెట్టి, ఇది నమ్మదగ్గది అని చెప్పే మనిషి ఒకరు జిల్లాలో ఉంటే? ఆ ఉద్యోగం మనకు వాన చెప్పడానికి మాత్రమే కాదు, మన వానను పైవాళ్ళకు చెప్పడానికి కూడా. ఇది మనం పట్టించుకోలేదు.

శాస్త్రవేత్తలను కూడా వదలను. మన ఊరికి సర్వేలకు ఎన్నిసార్లు వచ్చారు? మట్టి తీసుకెళ్ళారు, నలభై ప్రశ్నలు అడిగారు, ఫోటోలు దిగారు. ఎన్నిసార్లు తిరిగొచ్చి "మీ ఊరి లెక్క ఇదిగో" అన్నారు? నాకు తెలిసి ఒక్కసారి, అది కూడా ఆ అమ్మాయే, ఒక చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసుకొచ్చింది. పెద్ద హోటళ్ళలో "వాతావరణ మార్పు, అనుసరణ" అని మీటింగులు పెడతారు. అనుసరణ అంటే ఏందో నేను చెప్తా. నేను మృగశిరలో గొర్రు ఆపి ఆరుద్ర దాకా కూర్చోవడం. కదిరి లేపాక్షి వేయాలా, కందిలో కొర్ర కలపాలా అని తేల్చుకోవడం. అది నా ఇంటి గడపలో జరుగుతుంది. అక్కడికి నడిచి వచ్చే మనిషికి మీ జాబితాలో అన్నిటికన్నా చిన్న జీతం, అన్నిటికన్నా చిన్న కాంట్రాక్టు. ప్రాజెక్టు అయిపోగానే ఆమె అయిపోతుంది. ఊళ్ళో నమ్మకం కుదరడానికి మూడేళ్ళు పట్టింది, నాకైతే విత్తనం పోయినాక కుదిరింది. కుదిరినాక తీసేశారు.

"వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో వాతావరణ విభాగాలు ఇంకా ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. దేశం మొత్తానికి 130 దాకా, ఒక్కోటి కొన్ని జిల్లాలకు. వాళ్ళ బులెటిన్ ఇప్పటికీ వస్తుంది, నేను చదువుతా. మంచోళ్ళే. కానీ కొన్ని జిల్లాలకు కలిపి రాసే కాగితంలో మన మండలం ఎర్రనేల ఒక వాక్యం. మేఘదూత్ యాప్ ఉంది, అదీ వేసుకోండి, పిడుగులకు దామిని యాప్ తప్పకుండా వేసుకోండి. యాప్‌కు మాత్రం తిరిగి ప్రశ్న వేయలేం. "మేడం, మా దిబ్బచేన్లో పదును జానెడే దిగింది, వేయొచ్చా?" అని అడిగితే ఆమె "గడ్డపారతో ఇంకో రెండు చోట్ల చూసి చెప్పన్నా" అనేది.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేస్తోందో తెలుసా? వేరే జిల్లాలో మందుల కంపెనీలో చేరింది. తప్పు పట్టను, ఇల్లు గడవాలి. ఆమధ్య ఫోన్ చేస్తే, "అన్నా, ఇప్పుడు కూడా రైతులతోనే మాట్లాడతా, కానీ ఏ మందు కొట్టాలో మాత్రమే చెప్పాలి, కొట్టొద్దని చెప్పకూడదు" అంది. అదే గొంతు. మనం ఉచితంగా విన్న గొంతు ఇప్పుడు డబ్బా అమ్ముతోంది. రేపు వాన కబురు కూడా అట్లే అమ్ముతారు. నెలకు ఇంత కట్టు, నీ చేనికి వాన చెప్తాం అంటారు. కట్టగలిగినోడు ఆరుద్ర దాకా ఆగుతాడు, కట్టలేనోడు మృగశిరలో విత్తి కమ్మలు తాకట్టు పెడతాడు.

నా నోటుబుక్కు ఇంకా రాస్తున్నా. గొట్టం అక్కడే ఉంది. 8:30కి చూస్తా, పాత గ్రూపులో పెడతా. చూసేవాళ్ళు లేరు, నీలం టిక్కులు కూడా పడవు. అయినా పెడతా. మీరూ మొదలుపెట్టండి. గొట్టం లేకపోతే నిలువు గోడలున్న డబ్బా ఏదైనా సరే, అడుగు సమతలంగా ఉండాలి. చెట్టుకు, గోడకు దూరంగా పెట్టండి, పొద్దున స్కేలుతో కొలవండి. తేదీ, మిల్లీమీటర్లు. ఊరికి నలుగురు రాస్తే, మన మాట కాదనేవాడికి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

2024 చివర్లో ఆ యూనిట్లను మళ్ళీ తెరిచే ఆలోచన ఉందని, ఈసారి కాంట్రాక్టు కాకుండా పెడతారని వార్త వచ్చింది. ఆ వార్త కత్తిరించి దాచుకున్నా. కాగితంతో నాకు పనిలేదు, కేంద్రంలో కుర్చీలో మనిషి కావాలి. పర్మినెంట్ ఉద్యోగం కావాలి, ఇక్కడి మాట తెలిసిన మనిషి కావాలి, రైతు సేవా కేంద్రం గోడ మీద వారానికి రెండుసార్లు మన ఊరి వాన లెక్క, రాబోయే ఐదు రోజుల సలహా సుద్దముక్కతో రాసుండాలి. మన ఊరి లెక్క బీమావాళ్ళు చూసే లెక్కలో చేరాలి. మన పిల్లల్లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివేవాళ్ళు ఉన్నారు, ఇది గౌరవమైన బతుకుతెరువు అని వాళ్ళకు కనబడాలి. రచ్చకట్ట మీద నవ్విన మనోడికి కూడా ఒక కూతురు బాపట్లలో చదువుతోంది, ఆయనకు ఈ పోస్టు పంపిస్తున్నా.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు పోతున్నాం. అర్జీ రాశా, ఒకటి కలెక్టరుకు, ఒకటి ఎంపీ గారి ఆఫీసుకు. నా నోటుబుక్కు జిరాక్సు జతచేశా, మూడేళ్ళ వాన అందులో ఉంది. ఇప్పటికి పదిహేడు సంతకాలు పడ్డాయి. పక్క చేనాయన మొదటి సంతకం పెట్టాడు. మిగతావాళ్ళు ఆదివారం సాయంత్రం లోపల మా ఇంటికాడికి రండి, వేలిముద్రైనా సరే. బస్సు ఉదయం ఏడున్నరకు. వాన పడితే మాత్రం ఎవరూ రావొద్దు, చేన్లో పని చూసుకోండి, ఆ పై సోమవారం పోదాం.